నాలుగో బంతి

శనివారం మధ్యాహ్నం, తడిసి ఉబ్బిన బేస్‌బాల్ బంతిని ఆరబెడదామని పొరలు పొరలుగా విప్పుతుంటే, లోపలి నుంచి నీలం ఉన్ని బయటపడింది. ఎదెల్మీరా చేతులు ఆగిపోయాయి.

ఎదెల్మీరా అంటే సాంతా రుఫీనా చక్కెర మిల్లు ఊళ్ళో తెలియనివాడు లేడు. అలాగని ఆమెను మైదానం దగ్గర చూసినవాడూ లేడు. మిల్లు జట్టు ఆడే బంతులన్నీ ఇరవై రెండేళ్ళుగా ఆమె చేతిమీదుగా వెళ్ళినవే. గుర్రపు జీనులు కుట్టేవాడి కూతురామె. రెండు సూదులు పట్టుకుని, ఒకే రంధ్రంలో అటునుంచొకటి ఇటునుంచొకటి దాటించే కుట్టు తండ్రి దగ్గర నేర్చుకుంది. పెళ్ళయ్యాక పదిహేడేళ్ళు చెప్పుల కార్ఖానాలో పనిచేసింది. మొగుడు మిల్లులో మెకానిక్కు. ఆదివారాలు జట్టులో ఆడేవాడు. ఒకరోజు చిరిగిన బంతి తెచ్చి, ఇది కుట్టగలవా అన్నాడు. కుట్టిచ్చింది. అంతే, ఆ రోజు నుంచి ఊరి బంతులన్నీ ఆమె ఒళ్ళోకే వచ్చిపడ్డాయి. మొగుడు గుండెజబ్బుతో పోయాడు గానీ బంతులు రావడం మాత్రం మానలేదు.

బయటి దేశం నుంచి సరుకుల ఓడలు రావడం ఆగిపోయాక మా దగ్గర సబ్బు కరువైంది, నూనె కరువైంది, బంతులూ కరువయ్యాయి. అప్పటి నుంచి ఆమె బంతుల్ని కుట్టడమే కాదు, పుట్టించడం కూడా మొదలుపెట్టింది. పాత టైరు కోసి లోపలి గుండు చేసేది. దానిమీద పాత స్వెట్టర్లు, మేజోళ్ళు విప్పిన ఉన్ని బిగించి చుట్టేది. పైన అరిగిపోయిన బూట్ల తోలు. బంతికి నూటఎనిమిది కుట్లు. ఒక్క కుట్టు వదులైనా బంతి గాలిలో దారి తప్పుతుందని దాన్ని విసిరే పిచ్చర్లు అంటారు. ఓడిపోయినప్పుడు పిచ్చర్లు చాలా అంటారు లెండి.

అలాంటి రోజుల్లో బంతి అంటే ప్రాణంతో సమానం. జనంలోకి వచ్చి పడిన బంతిని జేబులో వేసుకుని ఇంటికి పట్టుకుపోయే సంప్రదాయం మా దగ్గర అసలే లేదు. పిల్లాడైనా, మేనేజరైనా తిరిగి విసరాల్సిందే.

ఆమెకు ఒక్కడే కొడుకు, రిగోబెర్తో. ఊరంతా రిగో అనేది. జట్టుకి వాడే పిచ్చర్. వాడు ఆడుతుంటే కూడా ఆమె వెళ్ళలేదు. బంతి ఎదురు తిరిగి వచ్చి వాడి మొహానికి తగులుతుందని భయం. వంటింట్లో కూర్చుని జనం కేకల్ని బట్టి ఆట ఎటు పోతోందో తెలుసుకునేది. వాడికి ఇరవై ఆరేళ్ళు నిండాయి. రెండేళ్ళ కిందట, ఒక గురువారం సాయంత్రం, పట్నం నుంచి సైకిల్ మీద వస్తుంటే చెరకు లారీ గుద్దింది. ఇంటికి శవమై వచ్చాడు.

ఆ ముందురోజే ఆమె ఆదివారం ఆట కోసం ఒక కొత్త బంతి చేసింది. మూడు పాతవి ఉన్నాయి, నాలుగోది కావాలి. ఇంట్లో విప్పడానికి ఉన్ని మిగల్లేదు. పెట్టె అడుగున రిగో పసివాడుగా ఉన్నప్పుడు తను అల్లిన నీలం మేజోళ్ళు కనిపించాయి. కాసేపు తటపటాయించి, విప్పేసింది. నీలం ఉన్ని గుండుమీద చుట్టి, అది అయిపోయాక గోధుమరంగు ఉన్నితో ముడివేసి పైన చుట్టింది. ఎవరికీ చెప్పలేదు, రిగోకి కూడా. వాడి చేత్తో వాడి మేజోళ్ళే విసిరిస్తున్నానని తనలో తనే నవ్వుకుంది. శుక్రవారం ఆ బంతిని వాడి శవపేటికలో, వాడి కుడిచేతిలో పెట్టింది. ఈ రెండేళ్ళూ ఆమె లేచి అన్నం వండుకుని తినగలిగిందంటే, ఆ బంతి వాడి దగ్గర ఉందన్న ఒక్క మాట మీదే.

ఇప్పుడు ఆ బంతి ఆమె ఒళ్ళో ఉంది. నీలం ఉన్ని, గోధుమరంగు ఉన్ని, మధ్యలో తన చేతి ముడి.

ముందు ఆమెకు వచ్చింది ఏడుపు కాదు, భయం. సమాధి తవ్వేశారా? ఆ రోజుల్లో సమాధుల్లోంచి పళ్ళకి కట్టిన బంగారం కూడా తీస్తున్నారని చెప్పుకునేవాళ్ళు. పైగా రాబోయే గురువారం వాడి ఎముకలు తీసే రోజు. మా ఊళ్ళో ఎవరినైనా మట్టిలో ఉంచేది రెండేళ్ళే. తరవాత ఇంటివాళ్ళ ఎదుట తవ్వి, ఎముకలు శుభ్రం చేసి, చిన్న పెట్టెలో పెట్టి గోడ అరలో భద్రం చేస్తారు. గురువారం ఆ మూత తీస్తే లోపల ఏం చూడాల్సి వస్తుందో! నా బిడ్డను ఎవరో కెలికారన్న ఆలోచన ఆమెను కాల్చేసింది. పైగా ఇంకో మంట. బంతుల పైతోలు ఏడాదికి నాలుగైదుసార్లు మారుస్తుంది, లోపలికి మాత్రం పోదు. అంటే ఈ రెండేళ్ళలో ఇదే బంతిని ఎన్నిసార్లు ఒళ్ళో పెట్టుకుని, ఏమీ తెలియకుండా కుట్టిచ్చేసిందో! వాడు పోయిన కొత్తలో ఎన్ని బంతులొస్తున్నాయో, ఏది ఎక్కడిదో చూసుకునే స్పృహే ఆమెకు లేదు.

చెప్పులు తొడుక్కుని నేరుగా సమాధుల తోటకు నడిచింది.

కాపలాదారు సిప్రియానో గోడ నీడలో కూర్చుని మొక్కజొన్న కంకి తింటున్నాడు.

"గురువారం కదమ్మా మీది, ఇవాళ వచ్చావేంటి?" అన్నాడు.

"నా కొడుకు సమాధి ఎవరైనా తెరిచారా?"

సిప్రియానో కంకి కింద పెట్టాడు. "ఏం మాటమ్మా అది! నేనున్నంత వరకూ ఇక్కడ చీమ కూడా నన్నడిగే దూరుతుంది. రా, చూపిస్తా."

సిమెంటు పలక అంచున, అది తడిగా ఉన్నప్పుడు సిప్రియానో తన బొటనవేలు ఒత్తిన గుర్తు ఉంది. ప్రతి సమాధికీ వేస్తాడు. అంచు చుట్టూ నాచు పట్టి ఉంది. ఎక్కడా పగులు లేదు.

"రెండేళ్ళుగా ఇలాగే ఉంది. తెరిచుంటే ఈ నాచు ఉంటుందా? నా వేలుముద్ర నేను పోల్చుకోలేనా?"

ఎదెల్మీరా పలక అంచు పొడుగునా నాచుని వేలితో తడిమి చూసింది. వాణ్ణి మట్టిలో ఎవరూ ముట్టుకోలేదు. అంటే మూత వెయ్యకముందే బంతి పోయింది. తీసింది దొంగ కాదు, ఆ గదిలో తనతో కలిసి ఏడ్చినవాళ్ళలో ఒకరు. ఇది అంతకన్నా మంచి వార్తో చెడ్డ వార్తో ఆమెకు తెలియలేదు.

ఆదివారం పొద్దున్న ఎప్పటిలాగే నికాసియో గోనెసంచి పట్టుకుని వచ్చాడు. జట్టు బ్యాట్లు, బంతులు చూసుకునేది ఆయనే. అరవై నాలుగేళ్ళ మనిషి, ఒకప్పుడు మిల్లులో చెరకు తూకం దగ్గర పనిచేసేవాడు. ఆమె మొగుడికి ప్రాణస్నేహితుడు. రిగోకి జ్ఞానస్నానం రోజున పట్టుకుని నిలబడ్డ జ్ఞానతండ్రి.

"మూడే ఉన్నాయేంటి చెల్లెమ్మా?"

"ఒకటి కాలవలో పడింది కదన్నా. ఇంకా ఆరలేదు."

"తొందరపడకు. నీడలోనే ఆరనియ్యి. అది మంచి బంతి, పాడవకూడదు." ఇంకేదో అనబోయి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

బంతుల్లో మంచీ చెడూ ఏముంది, అన్నీ పాత బూట్లే కదా అనుకుంది. అనుకున్నాక ఆ మాట ఆమెను వదల్లేదు.

మా ఊళ్ళో మనిషి ఎప్పుడు పుట్టాడో మర్చిపోతారు గానీ, ఏ ఆటలో ఏ బంతికి ఎవడు అవుటయ్యాడో మర్చిపోరు. ఆ జ్ఞాపకాలన్నీ మంగలి తీమోతేయో కొట్టు ముందున్న ఇనుప బెంచీల మీద ఉంటాయి. పొద్దున్నుంచి మధ్యాహ్నం వరకూ అక్కడ బేస్‌బాల్ మీద అరుపులే. కొత్తవాళ్ళు చూస్తే కత్తిపోట్లు పడతాయనుకుంటారు. సోమవారం ఎదెల్మీరా అక్కడికి వెళ్ళి నిలబడింది. అరుపులు టక్కున ఆగిపోయాయి. తీమోతేయో ఒకడికి సగం గడ్డం గీసి కత్తి చేత్తో అలాగే ఉండిపోయాడు.

"కూర్చో వదినా," అన్నాడు చివరికి. "ఒరే పోస్టుమ్యాన్, లెగు. ఉత్తరాలెలాగూ పంచవు, బెంచీ అయినా ఖాళీ చెయ్యి."

"మా రిగోని మట్టిలో పెట్టాక వచ్చిన ఆదివారం ఆట. అది చెప్పండి నాకు," అంది ఆమె.

తీమోతేయో కత్తి పక్కన పెట్టాడు.

"సాన్ మతియాస్ మిల్లు వాళ్ళతో. వాడి చొక్కా మన బెంచీ మీద పరిచి ఆడారు వదినా. రెండో ఇన్నింగ్స్‌లోనే వాళ్ళ లావుపాటోడు కొట్టాడు, బంతి చెరకు తోటలో పడింది. పోయింది."

"లావుపాటోడు కాదు, వాడి తమ్ముడు," అన్నాడు పోస్టుమ్యాన్.

"నీ మొహం! తమ్ముడు ఎడంచేత్తో ఆడతాడు. అయిదో ఇన్నింగ్స్‌లో రెండో బంతి కుట్లు విడిపోయి నాలుకలా వేలాడింది, తీసి పక్కన పడేశారు. ఏడులో మూడోది మిల్లు చెరువులో పడింది. అది మాత్రం తమ్ముడే."

"చూశావా!"

"నోర్ముయ్! అప్పటికి మూడు-మూడు. తొమ్మిదిలో మనవాళ్ళు ఒకటి కొట్టి గెలిచారు. అందరం ఏడ్చాం. ఈ పోస్టుమ్యానైతే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు."

ఎదెల్మీరా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. ఒకటి చెరకులో, ఒకటి చిరిగింది, ఒకటి చెరువులో.

"ఆ వారం మీ దగ్గర ఉన్నవి నేను కుట్టిచ్చిన మూడే. మూడూ పోయాయి. ఏడు నుంచి తొమ్మిది దాకా ఏ బంతితో ఆడారు?"

రెండేళ్ళుగా ఆ ఆటను నూరుసార్లు చెప్పుకున్నారు, ఒక్కొక్క బంతీ కళ్ళకు కట్టినట్టు. ఈ ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టలేదు.

"నికాసియో ఇచ్చాడు," అన్నాడు పోస్టుమ్యాన్ మెల్లగా. "చొక్కా లోపల్నుంచి తీసిచ్చాడు. కొత్త బంతి."

"ఎక్కడిదని అడగలేదా?"

"బంతులు అయిపోతే సొంతూరి జట్టు ఓడిపోయినట్టే కదమ్మా. అలాంటప్పుడు బంతొచ్చాక ఎక్కడిదని ఎవడడుగుతాడు?"

ఆమె లేచి వెళ్ళిపోయింది.

మంగళవారం పొద్దున్న నికాసియో పెరట్లో, చీలిన బ్యాటుకి మేకులు కొడుతున్నాడు.

"రా చెల్లెమ్మా. కాఫీ ఉంది. బఠాణీ పొడే ఎక్కువనుకో."

"తాగను. ఆ ఆదివారం నాలుగో బంతి ఎక్కడిది నికాసియో?"

ముప్ఫై ఏళ్ళలో ఆమె ఆయన్ని అన్నా అనకుండా పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆయన సుత్తి కింద పెట్టాడు. అబద్ధం ఆడే ప్రయత్నం చెయ్యలేదు. ఆ మాత్రం మర్యాద ఆయనలో ఉంది.

"నువ్వు మొహం కడుక్కోడానికి వెళ్ళావు. మూత బిగించేవాళ్ళు బయట సిగరెట్టు కాలుస్తున్నారు. వాడి దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను."

"నిన్ను నమ్మి వాడి దగ్గర వదిలి వెళ్ళాను. నీ ఒళ్ళో పెరిగాడు వాడు. దొంగతనానికి నీకు వాడి శవమే దొరికిందా?"

"తిట్టు. రెండేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నా నువ్వెప్పుడు తిడతావా అని."

"ఎందుకు తీశావో చెప్పు."

"మూడు బంతులతో తొమ్మిది ఇన్నింగ్స్ గడవదని తెలుసు. వాడి పేరుమీద ఆడే ఆట. బంతుల్లేక ఓడిపోతే..." ఆయన తల అడ్డంగా తిప్పాడు. "అది కాదులే. అది అందరికీ చెప్పడానికి దాచుకున్న మాట. నువ్వు ఆటకి ఎప్పుడూ రాలేదు, నీకు తెలీదు. బంతి చెరకులో పడితే వాడు వదిలేవాడు కాదు. ఆటైపోయి అందరం ఇళ్ళకి పోతుంటే వాడు మోకాళ్ళ మీద తోటంతా పాకేవాడు. చేతులనిండా చెరకాకు కోతలు, రక్తం. పోతేపోయింది రారా అంటే, 'మా అమ్మ కళ్ళు పోతున్నాయి మామయ్యా, ఇదొకటి పోతే ఇంకోటి కుట్టాలి' అనేవాడు. అలాంటివాడితో పాటు మంచి బంతిని పాతిపెడుతున్నాం. వాడే లేచి నన్ను తిడతాడనిపించింది."

ఎదెల్మీరా పెరటి గోడ మీద కూర్చుండిపోయింది. ఆ కోతలు ఆమెకు తెలుసు. మిల్లులో చెయ్యి జాగ్రత్తగా పెట్టుకోడు, మొద్దు వెధవ అని ప్రతి ఆదివారం తిట్టేది. వాడు నవ్వేవాడు. ఒక్కసారి కూడా ఎందుకో చెప్పలేదు. సొంత కొడుకు సంగతి ఇంకొకడి నోటి నుంచి వినాల్సి వచ్చినందుకు ఆమెకు నికాసియో మీద కోపం రెట్టింపైంది. ఆ కోపం అడుగున, కొడుకు మీద మళ్ళీ కొత్తగా ప్రేమ పుట్టింది.

"నన్నడగాల్సింది," అంది.

"అడిగితే ఇచ్చేదానివా?"

"ఇచ్చేదాన్ని కాదు. అయినా అడగాల్సింది."

ఆయన తల దించుకున్నాడు.

"ఎలా తీశావు? నేను వాడి వేళ్ళు మూసి, బిగిసేదాకా రిబ్బను కట్టి ఉంచాను."

నికాసియో తన చేతులు చూసుకున్నాడు. "ఒక్కో వేలూ విప్పాను చెల్లెమ్మా. వాడు వదల్లేదు. ఒక వేలు... చిటుక్కుమంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది."

ఆమె లేచింది.

"బంతి సంగతి నువ్వూ వాడూ చూసుకోండి. అది వాడికి ఇష్టమే అయ్యుంటుంది, ఒప్పుకుంటున్నాను. ఆ వేళ్ళ సంగతి మాత్రం నాది. గురువారం పొద్దున్న సమాధుల తోటకి రా."

బుధవారం, నీడలో ఆరిన ఉన్నిని మళ్ళీ బిగించి చుట్టింది. ముందు నీలం, ముడి, తరవాత గోధుమరంగు. కొత్త తోలు తొడిగి కుట్టడం మొదలుపెట్టింది. రెండేళ్ళలో ఇంతగా ఎప్పుడూ ఏడవలేదు. ఏడుస్తూనే నూటఎనిమిది కుట్లూ పూర్తిచేసి, వచ్చే ఆదివారం ఆట కోసం బుట్టలో, మైదానం నుంచి తిరిగొచ్చిన మూడింటి పక్కన పెట్టింది.

గురువారం నికాసియో అందరికన్నా ముందే వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, టోపీ చేతిలో పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. సిప్రియానో పలక లేపి, మట్టి తోడి, చివికిన చెక్కలు తీశాడు. ఎదెల్మీరా కళ్ళు మూసుకోలేదు. తల, పక్కటెముకలు, కాళ్ళ ఎముకలు ఒక్కొక్కటీ తీసి, గుడ్డతో తుడిచి, పౌడరు చల్లి ఆమె తెచ్చిన చిన్న పెట్టెలో వరసగా అమర్చాడు. తన బిడ్డ ఇంత చిన్న పెట్టెలో పడతాడని ఆమె అనుకోలేదు.

"ఇక చేతులవి చిన్నచిన్నవి మిగిలాయమ్మా. ఎడంచేతివి తీశాను. కుడివైపు మట్టిలో కలిసిపోయాయి. అన్నీ ఏరేవాళ్ళు ఎవరూ ఉండర్లే, పైపైన..."

"కుడిచేతివి ఆయన ఏరతాడు," అంది ఎదెల్మీరా.

సిప్రియానో ఆమె వంకా నికాసియో వంకా చూశాడు. ఇంకేమీ అడక్కుండా గోతిలోంచి పైకి వచ్చాడు.

నికాసియో టోపీ పక్కన పెట్టి, గోతిలోకి దిగి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తెల్ల చొక్కా క్షణంలో మట్టయిపోయింది. ఒక్కో ఎముకా వేళ్ళతో తడిమి పట్టుకుని, చొక్కాకి తుడిచి, పైన పరిచిన గుడ్డమీద పెడుతున్నాడు. మణికట్టువి గవ్వల్లాంటివి, అరచేతివి పొడుగువి, తరవాత వేళ్ళు. సిప్రియానో పైనుంచి, చేతికి ఇరవై ఏడుంటాయి అన్నాడు. ఎండ గోడ దాటి సమాధి మీదికి వచ్చింది. నికాసియో మెడమీద చెమట కారుతోంది. ఇరవై మూడు. ఇరవై నాలుగు. ఇరవై ఐదు. ఇరవై ఆరు.

ఆ తరవాత ఎంత వెతికినా దొరకలేదు. ఆయన మట్టి గుప్పిళ్ళతో తీసి, అరచేతుల్లో నలిపి, జారవిడుస్తున్నాడు. సిప్రియానో రెండుసార్లు దగ్గాడు. గంట గడిచింది. ఎదెల్మీరా ఒక్కసారి కూడా చాలు అనలేదు.

చివరికి నికాసియో తల ఎత్తాడు. మొహం నిండా మట్టి, మట్టిలో కన్నీటి చారలు.

"ఒకటి దొరకడం లేదు చెల్లెమ్మా. వేలి చివరిది. నా వల్లనే..."

ఎదెల్మీరా చెప్పులు విడిచింది. సిప్రియానో చెయ్యి ఊతగా పట్టుకుని గోతిలోకి దిగింది.

"జరుగు," అంది. "నా కళ్ళు పోతే పోయాయి గానీ, చేతులు బాగానే ఉన్నాయి." గౌను మోకాళ్ళ కిందికి సర్దుకుని, ఆయన పక్కనే మట్టిలో కూర్చుని వెతకడం మొదలుపెట్టింది.